మేస్త్రి సంతకం

మీ మీద నమ్మకంతో ఎవరైనా, మీరు చాచిన కాగితంలో ఏముందో అడగకుండా ఎప్పుడైనా సంతకం పెట్టారా? తొందరపడి లేదనకండి. ఇంట్లో పనిచేసే మనిషి కావచ్చు, చదువురాని మేనత్త కావచ్చు, ఆస్తి పంపకాల నాడు మీ అక్క కావచ్చు. "ఏం లేదు, ఇక్కడ పెట్టు చాలు" అని వేలితో చోటు చూపించిన రోజు ఒకటి మీకూ ఉండే ఉంటుంది. మా ఇంట్లో ఉంది. బాబాల మీద రాశాను, వాస్తు మీద రాశాను, కులం మీద రాశాను. వేదికలెక్కి ఊరందరి మౌనాన్నీ తిట్టాను. ఆ ఒక్క రోజు జోలికి మాత్రం ఇన్నేళ్లూ పోలేదు.

మొన్న మా చిన్నమామయ్య పోయాడు. అమ్మకు చివరి తమ్ముడు, సర్కారు బడిలో పాఠాలు చెప్పి పెద్ద పేరు తెచ్చుకున్నవాడు. సంస్మరణ సభలో నన్ను మాట్లాడమని ఆయన కూతురు సుధ వచ్చింది. "వదినా, ఇందులో నాన్న సర్టిఫికెట్లున్నాయి, చూస్తే నీకేమైనా గుర్తొస్తాయేమో" అని ఒక అట్ట ఫైలు ఇచ్చి వెళ్లింది. నియామకపు ఉత్తర్వుకు వెనకాల ఆ కాగితం కనిపించింది. మడతల దగ్గర చిరిగి, అంచులు టీ రంగుకు తిరిగి ఉంది. పైనుంచి కింది దాకా మా నాన్న దస్తూరి. అడుగున ఒక మేజిస్ట్రేటు గుండ్రటి ముద్ర. ముద్ర పక్కన, ఒకటి పైకి, ఒకటి కిందికి, నడక నేర్చుకుంటున్నట్టు మూడక్షరాలు: సాయిలు.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌కీ సరూర్‌నగర్ చెరువుకీ మధ్య ఉండేది. ఇల్లంటే అప్పటికి రెండు గదులు, పైకప్పు లేని ఒక వరండా. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. జీతంలో మిగిలినదాన్ని బట్టి ఇల్లు పెరిగేది. ఒక ఏడు గోడ, మరో ఏడు తలుపు. అందుకే మా ఇంటి మేస్త్రి సాయిలు వచ్చిపోయే మనిషిలా కాక ఇంట్లో మనిషిలా ఉండేవాడు. ఆయనది సరూర్‌నగర్ పాత ఊరు. మిద్దె మీద నిలబడితే ఒకవైపు చెరువు, మరోవైపు ఇప్పుడు ఎల్‌బీ నగర్ అంటున్న చోటంతా ద్రాక్ష తోటలు. బెజవాడ రోడ్డు వాటి మధ్యనుంచి సన్నగా పోయేది. ఎండాకాలం పొద్దున్నే గాలికి ద్రాక్ష పులుపూ, మా ఇంటి ముందు గానుగలో నూరుతున్న సున్నం వాసనా కలిసి వచ్చేవి. సాయిలు ఆ సున్నంలో బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోయించేవాడు. ఆ ముద్దను వేలితో తీసి నాలుకకు రాసుకుని చూసేవాడు. ఇటుకనైతే చెవి దగ్గర పెట్టుకుని తాపీ పిడితో కొట్టేవాడు. ఖంగుమంటే గోడకు, మొద్దుగా పలికితే పక్కకు. వేల ఇటుకలను అలా ఒక్కొక్కటిగా విన్నాడు. పనివాళ్లు నవ్వుకునేవారు, మేస్త్రి ఇటుకలతో ముచ్చట పెడుతున్నాడని.

మా నాన్నకు ఆ పరీక్ష ఎంతో నచ్చేది. ఆయన చిన్నప్పుడు సంస్కరణ సభల్లో పెరిగినవాడు. ముహూర్తం లేకుండా పెళ్లి చేసుకున్నాడు. ఇంటికి పునాది అమావాస్య నాడే తీయించాడు, దిష్టి గుమ్మడికాయ కట్టనివ్వలేదు. సాయిలు రెండు రోజులు భయపడి, మూడో రోజు "మీకు లేని భయం నాకేంది సారూ, ఇల్లు మీది" అని గునపం పట్టాడు. మా ఇంట్లో పనివాళ్లకు వేరే గ్లాసు ఉండేది కాదు. మొదట్లో అమ్మ పెట్టింది. నాన్న ఆ గ్లాసులోనే తాను కాఫీ తాగడం మొదలుపెట్టాక తీసేసింది. ఆదివారం వరండాలో చాప వేసి చర్చ పెట్టేవాడు. దేవుడున్నాడా, శకునాలు నిజమా, స్త్రీకి చదువెందుకు. నలుగురైదుగురు టీచర్లు వచ్చేవారు. సాయిలు పనిలేని రోజుల్లో వచ్చి గోడకు ఆనుకుని వినేవాడు. నాన్న బలవంతం చేస్తే తప్ప చాప మీద కూర్చునేవాడు కాదు.

నాన్న దగ్గర ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉండేది, మాటలు ఎక్కడ పుట్టి ఎలా నడిచొచ్చాయో చెప్పేది. ఒక ఆదివారం ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, దొంగను పట్టుకున్నంత సంబరంగా, సాయిలును పిలిచాడు. మేస్త్రి అనే మాట మనది కాదట. రోము నగరంలో లాటిన్ మాట్లాడేవాళ్లు మాగిస్టర్ అనేవాళ్లట, అంటే ఎక్కువైనవాడు, పని తెలిసి పదిమందికి ముందు నిలబడేవాడు. అది పోర్చుగీసువాళ్ల నోట్లో మెస్త్రె అయి, ఓడలెక్కి మన తీరానికి దిగి మేస్త్రి అయింది. అదే మాట ఇంగ్లీషువాళ్ల దగ్గర మాస్టర్ అయి, మన బళ్లలోకి వచ్చి మాస్టారు అయింది. ఇటలీలో సంగీతం నేర్పేవాడూ అదే, జర్మనీలో వడ్రంగి పనిలో ఆరితేరినవాడూ అదే. స్పెయినులో అయితే బడిపంతుల్నీ తాపీ పనివాణ్నీ ఇద్దరినీ మాయెస్త్రో అనే పిలుస్తారట. మేజిస్ట్రేటు కూడా ఆ ఇంటివాడే. మరి మినిస్టరు అంటారా, అది తక్కువ అనే మాటలోంచి వచ్చింది, సేవకుడని అర్థం.

సాయిలు అంతా విని, "గా ముచ్చట మంత్రులకు ఎరుకేనా సారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న నవ్వు ఆపుకుని, మేస్త్రీ మాస్టారూ ఒక్క తల్లి బిడ్డలని, కాబట్టి మీరు నా సమానులని, ఇక నుంచి చాప మీద కూర్చోవాలని గట్టిగా చెప్పాడు. "అట్లయితె రేపటి సంది మీరు తాపి పట్టుండ్రి, నేను బడికి పోత" అన్నాడు సాయిలు. కానీ చాప అంచున కూర్చున్నాడు. ఆ రోజు ఇంటికి పోతూ గేటు దగ్గర ఆగి, తన కొడుకు యాదగిరి టీచరు ట్రైనింగు పూర్తి చేశాడని, వాడు సారు అయితే చూసి చావాలని ఉందని నాన్నతో చెప్పాడు. తన ఇంట్లో ఆ ముందు తరాల్లో అక్షరం ముట్టినవాడు లేడు. నాన్న ఆ మర్నాటి నుంచి యాదగిరికి సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పాడు, ఒక్క పైసా తీసుకోకుండా. కొడుకు పాఠం చెప్పించుకుంటుంటే తండ్రి పక్కన పలక పట్టుకునేవాడు. మూడు నెలల్లో సాయిలుకు తన పేరు రాయడం వచ్చింది. కొత్తగా మెత్తిన గోడ ఆరకముందే తాపీ కొసతో దాని మీద పేరు రాసుకుని, మురిసి, మళ్లీ చదును చేసేసేవాడు. మా ఇంటి గోడల లోపల ఆ పేరు ఎన్నిసార్లు ఉందో నాకు తెలియదు.

మామయ్య మా ఇంటికి వచ్చింది వరండాకు స్లాబు పోసిన రోజు. బెజవాడ బస్సు దిగి, ట్రంకుపెట్టె మోయలేక రోడ్డు పక్క నిలబడితే, సాయిలే ఎదురెళ్లి పెట్టె దించి తలమీద పెట్టుకుని తెచ్చాడు. అందరితోపాటు మామయ్యా స్లాబు భోజనం తిన్నాడు. బీఎడ్ చదివి రెండేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. అప్పుడు సర్కారు ఉద్యోగానికి ముల్కీ సర్టిఫికెట్ కావాలి. ముల్కీ అంటే ఈ నేలవాడు, పదిహేనేళ్లుగా ఇక్కడే ఉంటున్నవాడు. అలాంటి సర్టిఫికెట్లు దొంగవి పుట్టిస్తున్నారని కాలేజీల్లో పిల్లలు కోపంగా ఉన్నారని ఆదివారం చర్చల్లో అప్పటికే వినబడుతోంది. నాన్న ఆ పిల్లల పక్షమే మాట్లాడాడు. హామీ ఇచ్చి తప్పడం దగా అన్నాడు. నేను విన్నాను.

మామయ్యకు అలాంటి కాగితమే పుట్టించమని పట్టుబట్టి అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. తమ్ముడు ఊరికి తిరిగి పోతే తల ఎత్తుకోలేడని, అందరూ చేస్తున్నదే కదా అని, నీ సిద్ధాంతాలకు మా పుట్టింటివాళ్లే దొరికారా అని. మూడో రోజు నాన్న కూర్చుని, ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో ప్రమాణపత్రం రాశాడు. ఇక్కడ పుట్టినవాళ్ల సాక్షి సంతకం కావాలి. సాయిలు అప్పుడు పిట్టగోడ మీద పని చేస్తున్నాడు. నాన్న పిలిచాడు. "మేస్త్రీ, మావాడి ఉద్యోగం కాగితం. ఇక్కడ సంతకం పెట్టండి, చాలు" అన్నాడు. సాయిలు చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని వచ్చాడు. కాగితం మీద సంతకం చేయడం అదే మొదటిసారి. వేలిముద్ర పెట్టే మనిషిని పిలిచి సంతకం అడిగారని ఆయన మొహం వెలిగిపోయింది. నిమిషంపైగా పట్టింది. నేను పక్కనే నిలబడి సిరా ఆరడానికి ఊదాను. ఊదుతూ చదివాను. పదిహేను సంవత్సరములుగా అని ఉంది. నాకు పదమూడేళ్లు, లెక్క తెలుసు, స్లాబు రోజు తెలుసు. నాన్న మొహం చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను మాట్లాడలేదు.

సరూర్‌నగర్ దగ్గర బడిలో ఒకే ఖాళీ ఉందని, దానికి మామయ్యా యాదగిరీ ఇద్దరూ దరఖాస్తు పెట్టారని నాన్నకు తెలుసో తెలియదో నేను చెప్పలేను. తెలియదనే నమ్మాలని నాకు చాలా ఏళ్లు ఉండేది. ఉద్యోగం మామయ్యకు వచ్చింది. యాదగిరి ఆఫీసుకు పోయి గట్టిగా అడిగితే, అక్కడి గుమాస్తా ఫైలు తిప్పి చూపించి నవ్వాడట, మీ నాయనే కదయ్యా సాక్షి అని. అప్పటికే తెలంగాణ ఉద్యమం మొదలై స్కూళ్లు మూతపడుతున్నాయి. మా రోడ్డు మీద రోజూ ఊరేగింపు. యాదగిరి అందులో ముందు వరసలో నడిచాడు. మా ఇంటి ముందుకు వచ్చినప్పుడు అరుపులు ఆపి, తల దించుకుని దాటిపోయాడు. రాయి వేసి ఉంటే బాగుండేదని ఇవాళ అనిపిస్తుంది. చుట్టుపక్కల కోస్తావాళ్లు కొందరు సామాన్లు సర్దుకున్నారు. మా అమ్మ తలుపులు వేసుకుంది.

మర్నాడు పొద్దున సాయిలు ఎప్పటిలాగే వచ్చాడు. భుజాన తాపీ సంచి ఉంది. నాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు. కూర్చోమని చాప చూపించాడు.

"కూసోను సారూ. నాకు నా పేరొక్కటే ఒస్తది, మీరు నేర్పిందే. గా కాగితంల ఏమున్నదో జర సదివి ఇనిపియ్యుండ్రి."

నాన్న పేపరు మడిచాడు. అది ఉత్త ఫారమనీ, ఇప్పుడు దగ్గర లేదనీ అన్నాడు. ఆఫీసువాళ్లు నకలు ఉంచుకుని అసలు తిరిగిచ్చారని, అది సొరుగులో ఉందని నాకు తెలుసు. సాయిలు నావైపు తిరిగాడు. "నువ్వు సదువు, బిడ్డా." నాన్న వద్దనలేదు, చదవమనీ అనలేదు. నేను సొరుగు తీసి ఈ కాగితమే తెచ్చి చదివాను. పై వ్యక్తి పదిహేను సంవత్సరములుగా ఈ ఊరియందే నివసించుచున్నాడని నేను స్వయముగా ఎరుగుదునని ప్రమాణము చేయుచున్నాను. సాయిలు ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇటుకను విన్నట్టే తల పక్కకు వంచి విన్నాడు.

"మల్ల సదువు."

మళ్లీ చదివాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"పెట్టె నేనే దించిన గద" అన్నాడు సాయిలు, ఎవరితోనో కాక తనతోనే అన్నట్టు. తర్వాత నాన్నవైపు చూసి, "మీరు నేర్పిన సంతకం, సారూ. మొదాలు గదే పెట్టిన" అన్నాడు.

కేక వేయలేదు. తిట్టలేదు. నిచ్చెన ఎక్కి మిగిలిపోయిన పిట్టగోడ ముగించాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె మూట విప్పుకుని చెట్టు కింద తిన్నాడు, మా ఇంటి మంచినీళ్లు తాగలేదు. పని ముగిసిన రోజు మేస్త్రికి కొత్త బట్టలు పెట్టడం ఆనవాయితీ. అమ్మ పంచె, తువ్వాలు పళ్లెంలో పెట్టి వరండాలోకి తెచ్చింది. ఆయన చేతులు కడుక్కుని, పళ్లెం ముట్టకుండా, గేటు మూసి వెళ్లిపోయాడు. గేటు అంత మెల్లగా మూయడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

మా నాన్న ఆ రోజు ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకుని ఉండవచ్చు. ఆఫీసుకు ఒక ఉత్తరం రాస్తే చాలు. ఇంగ్లీషు, తెలుగు, రెండు భాషల్లోనూ అద్భుతంగా రాయగలిగినవాడు. రాయలేదు. ప్రతి మాటా ఏ దేశంలో పుట్టి, ఏ ఓడెక్కి, ఏ రేవులో దిగిందో చెప్పగలిగిన మనిషి, ఒక్క బావమరిది బస్సు దిగిన రోజును చెప్పలేకపోయాడు. గుమ్మడికాయ కట్టనివ్వని ధైర్యం, అందరి ముందూ ఒకే గ్లాసులో తాగిన ధైర్యం, భోజనం మానేసిన భార్య ముందు ఏమైందో. ఇందులో ఆశ్చర్యపడటానికి నాకేం హక్కుందని మీరు అడగాలి. చదవడం వచ్చిన రెండో మనిషి ఆ గదిలో నేనే. ఆదివారం చర్చలు ఆగిపోయాయి. చాప చుట్టి అటక మీద పెట్టారు. నిఘంటువును నాన్న మళ్లీ ఒళ్లో పెట్టుకోలేదు. ఏళ్ల తర్వాత నేను ఏదో మాటకు పుట్టుక అడిగితే, "మాటల సంగతి వదిలెయ్యమ్మా" అన్నాడు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట అయిదంతస్తుల భవనం, అందులో మూడంతస్తులు కోచింగు. గోడల నిండా సార్ల ఫోటోలు, పేరు చివర ప్రతివాడికీ సార్. ఒకప్పటి ద్రాక్ష తోటల మీదుగా మెట్రో రైలు ఎల్‌బీ నగర్ దాకా పోతుంది. అక్కడి కూడలిలోనే రెండోసారి ఉద్యమం వచ్చినప్పుడు పిల్లలు రోడ్ల మీద అన్నాలు వండుకున్నారు. నేను వాళ్ల పక్షాన వ్యాసాలు రాశాను, నిప్పులు చెరిగానన్నారు. ఆ వ్యాసాల్లో దొంగ ముల్కీల గురించి ఒక పేరా కూడా ఉంది. ఎవరో చేసిన పాపంలా రాశాను.

సభ ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. ముందురోజు సుధకు కాగితం చూపించి, రేపు దీన్ని చదువుతానన్నాను. సుధ కాగితాన్ని మడిచి తిరిగి నా చేతిలో పెట్టింది. "నాన్న మంచి టీచరు వదినా. ఆయన దగ్గర చదువుకున్న పేదపిల్లలు ఎంతమంది వస్తారో రేపు నువ్వే చూస్తావు. ఒక్క రోజు ఆగు" అంది. వాళ్లు నిజంగా వచ్చారు. తెల్లజుట్టు పెద్దమనుషులు మామయ్య ఫోటో ముందు చిన్నపిల్లల్లా ఏడ్చారు. మామయ్య మంచి టీచరే, అది అబద్ధం కాదు. ఆ బడిలో ఆ కుర్చీలో యాదగిరి కూర్చుని ఉంటే ఎంత మంచి టీచరయ్యేవాడో మాత్రం ఈ లోకంలో ఎవరికీ తెలియదు. నేను మైకు ముందు నిలబడి మాస్టారు అనే మాట పుట్టుక గురించి పది నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. కాగితం నా చేతిసంచిలో ఉంది. తీయలేదు.

రెండు రోజులు నిద్ర లేక, సరూర్‌నగర్ వెళ్లి యాదగిరి ఇల్లు వెతికి పట్టుకున్నాను. చెరువు వెనక సందులో, గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా పేరు చెబితే తండ్రి పేరుతో గుర్తుపట్టాడు. ఆ ఏడాది తర్వాత ఇంకెక్కడా దరఖాస్తు పెట్టలేదని, తండ్రి వెనకే తాపీ పట్టాడని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎన్ని బడులకు గోడలు లేపాడో లెక్కలేదని చెప్పాడు. మాస్టారు కావలసినవాడు మేస్త్రి అయ్యాడు. రెండూ ఒకే మాట కదా అనకండి. రెండింటి మధ్య ఒక జీవితకాలపు ఎండ ఉంది. అతని మెడ మీద, చేతుల మీద అది నాకు కనిపించింది.

కాగితం తీసి, చదివి వినిపించనా అన్నాను. "నాకు సదువొస్తది, చెల్లె" అని నవ్వాడు. అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మా నాన్న అక్షరం మంచిగుండేదన్నాడు. చివర ఆ మూడక్షరాల దగ్గర ఆగి, వాటి మీద బొటనవేలు పెట్టి చాలాసేపు ఉంచాడు.

"మా నాయన పేరు రాసింది గిదొక్కటే మిగిలింది" అన్నాడు. "గా దినం నుంచి మల్ల రాయలే. రేషన్ కార్డుకు, ఇంటి కాయితానికి, నా లగ్గం కాడ గూడ ఏలిముద్రనే. సంతకం ఒస్తది గద నాయనా అంటె, ఒస్తది, పెట్టను అంటుండె. సచ్చేదాక గంతే."

కాగితం యాదగిరికే ఇచ్చి వచ్చాను. ఒక నకలు నా దగ్గర ఉంచుకున్నాను, వచ్చే నెల మామయ్య పేరిట మరో సభ పెడుతున్నారు, ఈసారి చదువుతాను. సుధతో చెప్పాను. అప్పటి నుంచి తను నా ఫోను ఎత్తడం లేదు.

ఇక మీ వంతు. పుస్తకం మూయండి. ఆ కాగితం మీ ఇంట్లో ఏ సొరుగులో ఉందో మీకు తెలుసు. తీయండి. సంతకం పెట్టిన మనిషి బతికి ఉంటే ఇవాళే పోయి ఎదురుగా కూర్చోండి, లేకపోతే వాళ్ల పిల్లల్ని వెతకండి. మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా, పైకి, వినబడేలా చదవండి. మళ్లీ చదవమంటే మళ్లీ చదవండి.